వాక్యాన్ని వారపు బతుకు పక్కన పెట్టి చదవడం: గృహ కూటం నడిపేవారి కోసం

మన సంఘాల్లో కానుకల కవర్ల మీద తరచుగా కనిపించే వచనం మలాకీ 3:10. దశమభాగాన్ని మందిరపు నిధిలోకి తీసుకురమ్మని, ఆకాశపు వాకిండ్లు విప్పి పట్టజాలనంత దీవెన కుమ్మరిస్తానని ప్రభువు చెప్పిన మాట అది. అదే అధ్యాయంలో, దానికి ఐదు వచనాల ముందు, తీర్పు తీర్చడానికి వచ్చినప్పుడు ఎవరి మీద తాను సాక్ష్యం పలుకుతాడో ప్రభువే వరుసపెట్టి చెబుతాడు. మాంత్రికులు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణాలు చేసేవారు ఉన్న ఆ వరుసలోనే, కూలివారిని కూలి విషయంలో బాధపెట్టేవారు, విధవరాండ్రను, తండ్రిలేనివారిని హింసించేవారు కూడా ఉన్నారు. ఆ ఐదో వచనాన్ని అచ్చు వేయించిన కవరు నేను ఇంతవరకు చూడలేదు. పదో వచనం విన్న చెవులకు ఐదో వచనం కూడా వినిపించేలా కూటాన్ని ఎలా నడపాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ నేను దృష్టిలో పెట్టుకున్నది వారానికి ఒక సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో పది పదిహేను మంది చేరి గంట, గంటన్నర సేపు జరుపుకునే కూటం. పెద్ద సభలో ప్రసంగం వింటారే తప్ప మాట్లాడరు. ఇంట్లో అయితే మాట్లాడతారు. పద్ధతి కూడా కొత్తదేమీ కాదు. బెల్జియంలో యువ కార్మికుల మధ్య పనిచేసిన కతోలిక గురువు జోసెఫ్ కార్డైన్ ‘చూడడం, తీర్పరించడం, చేయడం’ అనే మూడు మెట్లను వారికి నేర్పించారు. 1961లో పోపు ఇరవై మూడవ యోహాను వెలువరించిన విశ్వలేఖ అదే క్రమాన్ని సంఘమంతటికీ సిఫారసు చేసింది. బాప్టిస్టులైనా, లూథరన్లైనా, దక్షిణ ఇండియా సంఘం వారైనా, పెంతెకొస్తు వారైనా దీన్ని నిరభ్యంతరంగా వాడుకోవచ్చు, ఎందుకంటే ఇందులో ఏ శాఖ సిద్ధాంతమూ లేదు. ముందు బతుకును ఉన్నది ఉన్నట్టు చూడాలని, తరువాత దాన్ని వాక్యం ముందు నిలబెట్టాలని, ఆ తరువాత ఏదో ఒకటి చేయాలని మాత్రమే ఉంది.

మొదటి పని వాక్యభాగాన్ని ఎంచుకోవడం. నూతన సంవత్సరం రోజున పంచే వాగ్దాన కార్డుల వల్ల మనకు విడి వచనాలతో బతకడం అలవాటైంది. ఆ కార్డులు ఎందరినో కష్టాల్లో నిలబెట్టాయి, వాటిని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. అయితే కూటానికి విడి వచనం సరిపోదు, కనీసం ఒక సంఘటనో, ఒక ఆజ్ఞల వరుసో మొత్తంగా చదవాలి. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 10 నుంచి చివరి వరకు, నెహెమ్యా 5, యిర్మీయా 22:13–17, యెషయా 58, ఆమోసు 5, లూకా 4:16–30, లూకా 19:1–10, యాకోబు పత్రిక 2, 5 అధ్యాయాలతో మొదలుపెడితే కొన్ని నెలలకు సరిపోతుంది. ఒక సాయంత్రానికి ఒకటే భాగం చాలు. నెహెమ్యా 5 వంటి దాని మీద రెండు మూడు వారాలు నిలిచిపోయినా నష్టం లేదు.

నడిపించేవారు ఆ భాగాన్ని ముందుగానే గొంతెత్తి మూడుసార్లు చదువుకోవాలి. ఇందులో మాట్లాడుతున్నది ఎవరు, మాట్లాడకుండా మిగిలిపోయినది ఎవరు, డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఒళ్లు వంచి పనిచేస్తున్నది ఎవరు, ఏ గడువులోగా ఏమి జరగాలని వాక్యం చెబుతోంది అన్న సంగతులను కాగితం మీద రాసుకోవాలి. ఆ తరువాత ఊరి సంగతులు కూడా తెలుసుకోవాలి, వాటిని అంచనా వేయకూడదు, అడిగి తెలుసుకోవాలి. ఈ సీజనులో కలుపు తీతకు ఆడవారికి ఎంత ఇస్తున్నారు, మగవారికి ఎంత ఇస్తున్నారు, మేస్త్రీ అందులో ఎంత పట్టుకుంటున్నాడు అన్నది ఒకటి. ఊళ్లో నూటికి ఎంత వడ్డీ నడుస్తోంది అన్నది మరొకటి. అన్నిటికంటే ముఖ్యమైనది, మన చర్చిని ఊడ్చి, బెంచీలు తుడిచి, గంట కొట్టే మనిషికి నెలకు ఎంత ముడుతోంది, ఏ తారీఖున ముడుతోంది అన్నది. ఈ చివరి సంగతి తెలియకుండా కూలి గురించి కూటం పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో, చేలు కోసినవారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతోందని ఉంది. ఆ మొఱ్ఱ ముందుగా మన ఆవరణలోంచే లేస్తోందేమో చూసుకోకుండా ఊరి భూస్వామి వైపు వేలు చూపించడం ధర్మం కాదు.

కూటం రోజున వాక్యాన్ని ఇద్దరు చదవడం మంచిది, ఒకరు చదివాక కొంత మౌనం, తరువాత మరొకరు. రెండోసారి చదివేవారు బాగా చదవగలిగినవారే కానక్కర్లేదు. కూడబలుక్కుని చదివే ఒక తల్లి గొంతులో ‘ఏనాటి కూలి ఆనాడే’ అన్న మాట వినిపించినప్పుడు గదిలో వాతావరణమే మారిపోతుంది. అసలు చదవడం రానివారు ఉంటే, విన్నదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పమని వారిని అడగాలి. ఆ తరువాత మాట్లాడే క్రమం గురించి ఒక నియమం పెట్టుకోవాలి: సంఘ పెద్దలు, ఉద్యోగస్థులు, పాస్టరుగారు ఉంటే పాస్టరుగారు, అందరూ చివర మాట్లాడాలి. మన దగ్గర పెద్దాయన ఒక మాట అన్నాక దాన్ని దాటి కూలికి వెళ్లే అమ్మ మరో మాట అనదు. గౌరవం వల్ల కొంత, భయం వల్ల కొంత. అందుకే ఆమె మాట ముందు రావాలి.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ద్వితీయోపదేశకాండము 24:10–13లో తాకట్టు గురించిన ఆజ్ఞ ఉంది. పొరుగువానికి అప్పు ఇచ్చినప్పుడు తాకట్టు వస్తువు తీసుకోవడానికి అప్పిచ్చినవాడు ఆ ఇంట్లోకి వెళ్లకూడదు, బయటే నిలబడాలి. అప్పు తీసుకున్నవాడే దాన్ని బయటికి తెచ్చి ఇస్తాడు. అతడు బీదవాడైతే ఆ వస్త్రాన్ని ఉంచుకుని నిద్రపోకూడదు, అతడు తన దుప్పటి కప్పుకుని పడుకునేలా సూర్యాస్తమయానికి తిరిగి ఇచ్చివేయాలి. ఇది చదివాక కూటంలో ఒకే ప్రశ్న వేయాలి: ‘మన ఇళ్ల గడప దగ్గరికి అప్పు కోసం వచ్చేవారు ఎక్కడ నిలబడుతున్నారు?’ ఇంకేమీ వివరించకుండా ఆగిపోవాలి. గ్రూపు లోను కిస్తీ రోజున వరండాలో కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చునే ఫైనాన్సు మనిషి, ఒకరు కట్టలేకపోతే మిగిలిన సభ్యులందరినీ ఆ ఇంటి ముందుకు తీసుకురావడం, ఇరుగుపొరుగు వినేలా పేరు పెట్టి అరవడం, ఇవన్నీ ఆడవారి నోటి నుంచే వస్తాయి.

ఆ మాటలు వచ్చాక నడిపించేవారు ఒక వాస్తవాన్ని చెప్పవచ్చు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి ఆత్మహత్యల దాకా తెచ్చిన రోజుల్లో, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, 2011లో దాన్ని చట్టం చేసింది. కిస్తీలను గ్రామ పంచాయతీ కార్యాలయంలోనో, కలెక్టరు నిర్ణయించిన బహిరంగ స్థలంలోనో మాత్రమే కట్టించుకోవాలని ఆ చట్టం నియమం పెట్టింది. అప్పిచ్చినవాడు గడప బయటే ఉండాలన్న మోషే ధర్మశాస్త్రపు ఆజ్ఞ, అంత కాలం తరువాత మన సొంత నేల మీద, అదే కారణంతో, మళ్లీ రాయవలసి వచ్చింది. ఈ సంగతి విన్నవారికి ధర్మశాస్త్రం పాతబడిపోయిన పుస్తకంలా కనిపించదు. అప్పు తీసుకున్నవాడికి కూడా ఒక గడప ఉంటుంది, ఆ గడప లోపల అతడి పరువు ఉంటుంది, దాన్ని దేవుడే కాపలా కాస్తున్నాడు అన్న అర్థం వారికి దానంతట అదే అందుతుంది.

అప్పు గురించి మాట్లాడాక నెహెమ్యా 5వ అధ్యాయానికి వెళ్లడం సహజం. యెరూషలేము గోడ కట్టే పని మధ్యలో జనులు, వారి భార్యలు తమ సహోదరులైన యూదుల మీదనే పెద్ద మొఱ్ఱ పెడతారు. కరువులో తిండిగింజల కోసం పొలాలను, ద్రాక్షతోటలను, ఇళ్లను కుదువ పెట్టామని, రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశామని, తమ కుమార్తెల్లో కొందరు ఇప్పటికే దాస్యంలోకి పోయారని చెబుతారు. ఆ పనిని నడిపిస్తున్న నెహెమ్యా మిక్కిలి కోపగించుకుంటాడు, వెంటనే కేకలు వేయకుండా తనలో తాను ఆలోచించుకుంటాడు, ఆ తరువాతే ప్రధానులను, అధికారులను నిలదీసి పెద్ద సమాజాన్ని కూర్చుతాడు. ఇక్కడ పదో వచనాన్ని అందరూ వదిలేస్తారు, మీరు వదలవద్దు. తానూ తన బంధువులూ సేవకులూ కూడా ఆ జనులకు డబ్బు, ధాన్యం అప్పుగా ఇచ్చినవారమేనని నెహెమ్యా ఒప్పుకుంటాడు. ఎదుటివారిని దిద్దడానికి లేచినవాడు తన పేరు కూడా ఆ జాబితాలో చేర్చుకున్నాడు, అందుకే ఆ సమాజం అతడి మాట విన్నది. పదకొండో వచనంలో తిరిగి ఇమ్మన్నవాటిలో వారు తీసుకున్న నూరవ భాగం కూడా ఉంది. చాలామంది వ్యాఖ్యాతలు దాన్ని నెలసరి వడ్డీగా అర్థం చేసుకుంటారు. అంటే మన లెక్కలో అది రూపాయి వడ్డీ. ఐదు రూపాయల వడ్డీకి పది వేలు తీసుకున్నవారు ఏడాదికి ఆరు వేలు వడ్డీయే కట్టే ఊళ్లలో, రూపాయి వడ్డీని కూడా తిరిగి ఇచ్చెయ్యమన్న ఈ అధ్యాయాన్ని చదివేటప్పుడు గదిలో వడ్డీకి తిప్పేవారు కూడా ఉండవచ్చునని మరిచిపోకూడదు. వారిని చూస్తూ చదవకూడదు. వాక్యం దాని పని అది చేసుకుంటుంది.

కూలి విషయానికి మత్తయి 20లోని ద్రాక్షతోట ఉపమానం చాలా బలమైనది, కానీ దాన్ని మనం ఆత్మసంబంధంగా మాత్రమే బోధించి బోధించి, అందులో ఉన్న అడ్డాను మరిచిపోయాము. సంతవీధిలో పొద్దు గుంకబోయే వేళ ఊరకే నిలబడినవారిని ఎందుకు నిలబడ్డారని అడిగితే, ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదని వారు చెప్పిన జవాబు, హైదరాబాదులోనో విజయవాడలోనో తాపీ పట్టుకుని టిఫిను డబ్బాతో అడ్డా మీద నిలబడి పదకొండు గంటలకు తిరుగుముఖం పట్టే మనిషికి వివరించనక్కర్లేదు. దేవుని రాజ్యం గురించిన బోధను ఇది తగ్గించదు. గంట సేపే పనిచేసినవాడి ఇంట్లో కూడా పూట గడవాలని యజమాని తలచాడన్న సంగతి అర్థమైనవారికే ఆ కృప ఎంత పెద్దదో తెలుస్తుంది.

తెలుగు సంఘ చరిత్రలో కూడా ఇందుకు చోటుంది. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, 1876–78 నాటి మహాకరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పనిని తానే కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని కల్పించి కూలి ఇప్పించారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు ఉన్నంత కాలం బాప్తిస్మాలను ఆపివేశారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగ కుటుంబాలవారు. ఆ సంఖ్యను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాము, దాని ముందున్న కాలువ పనిని, సక్రమంగా చేతికి అందిన కూలిని కూడా అంతే గర్వంగా చెప్పుకోవాలి.

కులం గురించి మాట్లాడే రోజున మరింత జాగ్రత్త అవసరం. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో, బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, దరిద్రుడిని నా పాదపీఠం దగ్గర కూర్చోమనే సమాజ మందిరం కనిపిస్తుంది. మన దగ్గర వేరు బెంచీలు, వేరు సమాధుల తోటలు, ‘మన సంఘంలోని సంబంధమే’ అన్న మాట చాటున జరిగే కులపు పెళ్లి చూపులు ఉన్నాయి. వీటిని దాచకుండా మాట్లాడాలి. అయితే కూటంలో ఎవరి కులాన్నీ అడగకూడదు, వంతులవారీగా చెప్పించకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే షెడ్యూల్డ్ కుల హోదా ఉంటుంది, ఆ కులాల నుంచి క్రైస్తవ మతంలోకి వచ్చినవారు మన రాష్ట్రాల్లో బీసీ–సీ వర్గంలోకి వస్తారు. ఏ కుటుంబం ఏ ధ్రువపత్రం మీద పిల్లల చదువు నెట్టుకొస్తోందో అది వారి గుండెలో ఉన్న భయం. కూటం ఆ భయాన్ని పెంచే చోటు కాకూడదు. ‘మన సమాధుల తోట గోడ ఎవరి కోసం కట్టారు?’ అన్నంత సూటి ప్రశ్న వేయవచ్చు, ‘నువ్వు ఎవరివి?’ అన్న ప్రశ్న మాత్రం వేయకూడదు.

అదే విధంగా, సమరయ స్త్రీని యేసు దాహానికి నీళ్లడిగిన యోహాను 4వ అధ్యాయాన్ని చదివే వారంలో కారంచేడును తలచుకోవాలని నా అభిప్రాయం. ఊరి దళితులు తాగే చెరువు నీటిని మురికి చేయవద్దని అడ్డు చెప్పిన మాటతో మొదలైన తగవు, 1985 జూలై 17న ఆరుగురు దళితుల హత్యగా ముగిసింది. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని సువార్తికుడు రాసిన చిన్న వాక్యం వెనుక ఎంత ఉందో, ఆ చెరువు గట్టు సంగతి తెలిసినవారికి బోధపడుతుంది. ప్రభువు ఆమె చేతి నీళ్లు అడిగాడన్నది ఆ అధ్యాయంలో పక్కకు పోవలసిన వివరం కాదు.

ఇక చేయకూడనివి. ఎవరి అప్పునూ, ఎవరి ఇంటి గొడవనూ సాక్ష్యం పేరుతో అందరి ముందు చెప్పించవద్దు. చెప్పుకోవాలనిపిస్తే వారే చెప్పుకుంటారు, చెప్పినది గది దాటకూడదు. గదిలో లేని మనిషి పేరెత్తి విచారణ జరపవద్దు. మత్తయి 18:15 ప్రకారం ముందు ఒంటరిగా వెళ్లి తప్పు తెలియజేయాలి కదా అని కొందరు అంటారు. సమానుల మధ్య అది మంచి మార్గమే. కూలి ఎగ్గొట్టిన యజమాని దగ్గరికి కూలి మనిషిని ఒంటరిగా పంపడం ఆ వచనాన్ని తప్పుగా వాడుకోవడమే. తరువాతి వచనమే ఒకరిద్దరిని వెంట తీసుకుని వెళ్లమంటోంది, కాబట్టి కూటం నుంచి ఇద్దరు తోడు వెళ్లాలి. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీని మాత్రం రాజీకి పంపనే వద్దు. ఓర్చుకో, ప్రార్థన చేస్తాము అని పంపించివేయడం వల్ల జరిగే కీడు చాలా పెద్దది. 181 మహిళా సహాయ నంబరు, ఉచిత న్యాయ సహాయం కోసం 15100 నంబరు నడిపించేవారి బైబిలు మొదటి పేజీలో రాసి ఉండాలి. స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెట్టించాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోందని కూడా అందరికీ తెలియజేయాలి.

ప్రార్థన గురించి ఒక మాట. అన్యాయానికి గురైనవారికి ఓర్పునిమ్మని మాత్రమే ప్రార్థించి ముగించడం మనకు బాగా అలవాటు. యెహోవా, నీవెందుకు దూరముగా నిలుచుచున్నావు అని మొదలయ్యే పదవ కీర్తనను బిగ్గరగా చదివించండి. దేవుణ్ణి అలా అడగవచ్చునని బైబిలే నేర్పిస్తోంది. అన్యాయం చేసినవారు మారుమనస్సు పొందాలని, పొంది లెక్క సరిచేయాలని కూడా ప్రార్థించాలి. సుంకపు గుత్తదారుడైన జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని చెప్పిన తరువాతే, ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నాడు. సంఘానికి పెద్ద మొత్తంలో కానుకలిచ్చేవారి విషయంలో ఈ భాగాన్ని బోధించడం కష్టమని నాకు తెలుసు. పాస్టరుగారి జీతమే వారి మీద ఆధారపడి ఉంటే మరీ కష్టం. అటువంటి చోట ఆ భారాన్ని పాస్టరుగారి ఒక్కరి మీద వదిలేయకుండా, కూటంలోని ఇద్దరు ముగ్గురు పెద్దలు కలిసి మోయాలి.

ప్రతి కూటం ఒక పనితో ముగియాలి, ఆ పనికి ఒక మనిషి పేరు, ఒక తారీఖు ఉండాలి. ‘పేదలను ప్రేమిద్దాం’ అన్నది పని కాదు. ‘ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఈ నెల నుంచి ఒకటో తారీఖునే జీతం ఇస్తాను, వారానికి ఒక రోజు సెలవు ఇస్తాను’ అన్నది పని. ‘ఆగిపోయిన కూలి గురించి బుధవారం ఫలానా ఇద్దరం కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి అర్జీ ఇస్తాము’ అన్నది పని. ఆ ఒక్క పనిని నోటు పుస్తకంలో రాసుకుని, మరుసటి వారం కూటాన్ని పాటతో కాకుండా ఆ పుస్తకం తెరవడంతో మొదలుపెట్టాలి. జరగకపోతే ఎవరినీ నిందించకుండా ఎందుకు జరగలేదో అడగాలి, తరచూ ఆ కారణమే తరువాతి వారపు వాక్యభాగాన్ని చూపిస్తుంది: భయం అడ్డం వస్తే నిర్గమకాండము మొదటి అధ్యాయంలోని మంత్రసానులు షిఫ్రా, పూయా, అధికారి వినకపోతే లూకా 18లో అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విడవకుండా విసిగించిన విధవరాలు.

చర్చి ఊడ్చే మనిషి జీతం సంగతి మాత్రం కూటంలో తేలేది కాదు, అది సంఘ కమిటీలో తేలాలి. లెక్కలు ఆమోదించే వార్షిక సమావేశానికి ముందే కార్యదర్శికి ఉత్తరం రాసి, ఆ జీతాన్ని ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనంతో పోల్చి చూపించి, అజెండాలో పెట్టించండి. ఆ మనిషిని సమావేశానికి పిలిపించి కుర్చీ వేసి కూర్చోబెట్టాలని కూడా ఆ ఉత్తరంలోనే రాయండి.